చీటీలో ఉన్న ప్రకారం

ముందే చెప్పేస్తున్నాను, కాయితాల ప్రకారం నా తప్పేమీ లేదు. చీటీలో ఏది రాసి ఉందో అదే ఇచ్చాను. చిన్న డాక్టరుగారు కూడా ఆ మాటే అన్నారు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. విన్న ప్రతిసారీ కాస్త ఊపిరి ఆడింది, ఆ వెంటనే నా మీద నాకే ఒళ్ళు మండింది.

నా పేరు శౌరి. గురజాలలో అమరేశ్వరరావు డాక్టరుగారి దగ్గర పందొమ్మిదేళ్ళు కాంపౌండరుగా చేశాను. ఆస్పత్రి అంటే మేడ అనుకునేరు, మూడు గదుల పెంకుటిల్లు. వరండాలో జనం కూర్చునే బల్లలు, మధ్య గదిలో డాక్టరుగారు, పక్క గదిలో మందుల బీరువాలూ నేనూ. నా గదికీ వరండాకీ మధ్య సగం తలుపు ఉండేది. దాని మీద మోచేతులు ఆనించి జనం నాతో మాట్లాడేవాళ్ళు. డాక్టరుగారు మనిషిని చూసి చీటీ రాస్తారు, వాళ్ళు ఆ చీటీ తెచ్చి నాకిస్తారు, నేను మందు కలిపి, మాత్రలు పొట్లం కట్టి, ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపిస్తాను. సీసాలో మందు పూటకెంతో తెలియడానికి కాయితం పట్టీని గాట్లు పెట్టి కత్తిరించి అతికిస్తాను. పసిపిల్లలకైతే మాత్రని కల్వంలో నూరి, పంచదార కలిపి, చిన్న చిన్న పొట్లాలు కడతాను. పొట్లం మడత చూసి ఇది శౌరి కట్టిందని పల్లెల్లో చెప్పేవాళ్ళు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. జరిగిందంతా ఆ గర్వం వల్లే జరిగింది.

డాక్టరుగారు గొప్ప వైద్యుడు, అందులో అబద్ధం లేదు. ఈ చుట్టుపక్కల పట్టా ఉన్న డాక్టరనే వాడే లేని రోజుల్లో వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మనిషి గుమ్మంలోంచి నడిచొచ్చే తీరు చూసి సగం జబ్బు చెప్పేవారు. కానీ ఆ ఇంట్లో మాట్లాడే నోరు ఒక్కటే. ఏ పూట తలుపు తియ్యాలో, ఏ కంపెనీ మాత్రలు తెప్పించాలో, ఆయా నరసమ్మ ముందు వరండా ఊడవాలో లోపలి గది ఊడవాలో, అన్నీ ఆయనే చెప్పాలి. ఆయన చెప్పాక ఇంకొకరు నోరెత్తేది లేదు.

ఒకప్పుడు నోరెత్తినవాడు ఒకడున్నాడు. రోశయ్య అని, నాకు పని నేర్పిన పెద్ద కాంపౌండరు. ఒకరోజు వరండా నిండా జనం ఉండగా చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళి, “ఈయనకి సల్ఫా పడదని పోయినసారి మీరే అన్నారండీ” అన్నాడు. అన్నది నిజం. డాక్టరుగారు చీటీ తీసుకుని, కొట్టేసి, వేరే మందు రాశారు. పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం తలుపులు వేసేటప్పుడు రోశయ్య చేతిలోంచి తాళాల గుత్తి తీసుకుని నా చేతిలో పెట్టారు. “రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు రోశయ్యా” అన్నారు. రోశయ్య ఆ తర్వాత బియ్యం మిల్లులో కాపలాకి కుదిరాడు. నేను నేర్చుకోవాల్సింది ఆ గుత్తి అందుకున్నప్పుడే నేర్చుకున్నాను.

ఎనభైలో డాక్టరుగారి భార్య పోయారు. ఆ తర్వాతే మొదలైంది. మొదట రాములమ్మ అనే ముసలావిడ చీటీలో డాక్టరుగారు ఒకే మాత్ర రెండుసార్లు రాశారు. పరధ్యానం కాబోలనుకుని ఒకసారికే ఇచ్చాను. నెల తిరక్కుండా ఇంకొకటి. పోను పోను ఎక్కువగా జరిగిందేమిటంటే, ముందు మనిషికి రాసిన మందే తర్వాతి మనిషికీ రాసేసేవారు. జబ్బు కనుక్కోవడంలో తడబడింది లేదు. చెయ్యి మాత్రం వెనకటి చీటీ దగ్గరే ఉండిపోయేది. నేను సగం తలుపు మీంచి మనిషిని చూసేవాణ్ణి, చీటీ చూసేవాణ్ణి. రెండూ పొసగకపోతే ఏం బాధ, వయసెంత, డాక్టరుగారు ఏమన్నారు అని నాలుగు మాటలు అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చేవాణ్ణి. ఆరేళ్ళు అలా నెట్టుకొచ్చాను. డాక్టరుగారికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నరసమ్మ ఒక్కతే పసిగట్టింది, ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

దిద్దిన చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచాను. రేపు ఏదైనా మాటొస్తే సాక్ష్యానికి ఉంటాయని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. మధ్యాహ్నం జనం లేనప్పుడు ఆ డబ్బా మూత తీసి చూసుకుంటే, ఈ ఆస్పత్రి ఎవరి మీద నడుస్తోందో నాకు కళ్ళకు కట్టేది. బోర్డు మీద పేరు ఆయనది, అంతే. ఏదో ఒకరోజు ఆయనకి తెలుస్తుంది, తెలిసి “శౌరీ, నువ్వు లేకపోతే ఏమయ్యేది” అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆరేళ్ళు కాచుకుని కూర్చున్నాను. ఇంత చిన్న మాట కోసం ఇంత పెద్ద సంగతి దాచిపెట్టానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

జనానికి ఒక అలవాటు ఉండేది. చీటీ చేతికిస్తూ “ఒకసారి చూడన్నా” అనేవాళ్ళు. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ అదే మాట. వెళ్ళొస్తానన్నా అన్నట్టు ఇదీ మాటవరస అనుకునేవాణ్ణి.

ఎనభై ఆరు జూన్‌లో మస్తాన్‌రావుగారు వచ్చారు. డాక్టరుగారి మేనల్లుడు, గుంటూరులో చదువు పూర్తి చేసుకుని మేనమామ దగ్గర చేరారు. రేపు ఆస్పత్రి ఆయనదే. జనం చిన్న డాక్టరుగారు అన్నారు, మేమూ అన్నాం. మంచివాడే. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగేవారు, రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. కానీ వచ్చిన నెలకే గోడ మీద టైపు కొట్టిన కాయితం ఒకటి అతికించారు. వచ్చినవాళ్ళకి నంబరు ఇవ్వాలి. చీటీ మీద నంబరూ పేరూ మందూ ఉండాలి. కాంపౌండరు చీటీలో ఉన్నదే ఇవ్వాలి. ఇచ్చిన చీటీ ఇనప ఊచకి గుచ్చి ఉంచాలి. జనం నా మీద పడి తోసుకుంటున్నారని సగం తలుపు తీయించి, ఆ ఖాళీలో కింద చెక్కా పైన ఇనప తీగల జాలీ కొట్టించారు. జాలీ కింద చెయ్యి పట్టేంత సందు. కుర్చీలో కూర్చుంటే చీటీ ఇచ్చే చెయ్యి తప్ప మనిషి కనబడడు. లేచి నిలబడితే కనబడతాడు.

“రేపు ఏదైనా పొరపాటు జరిగితే ఎవరి వల్ల జరిగిందో తెలియాలి కదా శౌరీ” అన్నారు చిన్న డాక్టరుగారు.

ఆ మాటలో తప్పేముంది. ఏ ఆస్పత్రిలోనైనా ఉండాల్సిన పద్ధతే. అప్పుడే ఆయన్ని పక్కకి పిలిచి, మీ మామయ్య చెయ్యి ఇలా పోతోందండీ, ఆరేళ్ళ నుంచి నేను దిద్దుతున్నానండీ, అని ఉంటే సరిపోయేది. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇంటి గుట్టు విప్పడమేమిటని ఊరుకున్నాను. పైగా చెప్పేస్తే ఇక ఆ డబ్బాతో నాకు పనేముంది.

ఆగస్టులో ఒకరోజు చిన్న డాక్టరుగారు వరండాలోకి వచ్చి ఒక ముసలాయన చేతిలో పొట్లం విప్పి చూశారు. చీటీలో రోజుకి మూడు మాత్రలని ఉంది, నేను రోజుకొకటి చొప్పున కట్టాను. రక్తం పట్టడానికి ఇచ్చే మాత్రలు, ప్రాణం మీదికొచ్చే వ్యవహారం కాదు.

“ఎవరు మార్చారు ఇది?” అన్నారు.

“నేనేనండి.”

“ఎవరు మార్చమన్నారు?”

వరండాలో ఇరవై మంది ఉన్నారు.

“నువ్వు డాక్టరువా?”

నాకు తల కొట్టేసినట్టయింది. మధ్య గది తలుపు తెరిచే ఉంది. డాక్టరుగారు అన్నీ వింటున్నారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, శౌరి ఏదో చూసే చేసి ఉంటాడులే అంటే చాలు. ఆయన లేచి గుమ్మం దాకా వచ్చారు.

“శౌరీ, చీటీలో ఉన్నదే ఇవ్వు. నీ తెలివి వాడకు” అన్నారు.

ఆ ముసలాయన పొట్లం నా చేతే మళ్ళీ కట్టించారు, రోజుకి మూడు చొప్పున. పందొమ్మిదేళ్ళలో నా మడత వంకర పోవడం అదే మొదటిసారి. సరే, చీటీలో ఉన్నదే ఇస్తాను, ఏం జరుగుతుందో మీరే చూడండి, అని లోపల అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకుంటున్నాను. ఇంతకంటే ఒప్పుకోవాల్సింది నా దగ్గర లేదు.

ఆ సాయంత్రం నరసమ్మ సిరంజీలు ఉడకబెడుతూ నావంక చూసింది.

“ఏంది శౌరీ, కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఆ అలకేంది? పెద్దాయన సంగతి చిన్నాయన చెవినెయ్యి. లేకపోతే నన్ను చెప్పమంటావా?”

“నీకెందుకే. నాకేం పని. నేను డాక్టర్ని కాదుగా.”

“కాదు. ఈడ మందు తీసుకునేటోళ్ళు మాత్రం మనుషులే” అంది.

ఆ మాట గుచ్చుకుని, మర్నాడు ఒక చీటీ మీద అనుమానం వస్తే చిన్న డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చూశారు. చూసిన వెంటనే ఆయనకీ అనుమానం వచ్చింది, ముఖంలో కనబడింది. మధ్య గదివంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “మామయ్య ఏదో ఆలోచించే రాసి ఉంటారు. ఆయన రాసింది నేను దిద్దుతానా? ఇచ్చెయ్” అన్నారు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టి గోడకి అతికించిన మనిషి కూడా ఆ గుమ్మం దగ్గర మాలాంటివాడే. ఇక మళ్ళీ నేను ఏ చీటీ పట్టుకెళ్ళలేదు. తల వంచుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. చెయ్యి వస్తుంది, చీటీ వస్తుంది, చదువుతాను, ఇస్తాను. చెప్పాలంటే పని సుఖంగానే ఉంది.

సెప్టెంబరులో వానలు పడి చుట్టుపక్కల నాపరాయి క్వారీ గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఊరూరా చలిజ్వరాలు. వరండాలో బల్లలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆ రోజు పదకొండు గంటలప్పుడు జాలీ సందులోంచి గాజుల చెయ్యి ఒకటి రెండు చీటీలు పెట్టింది. ఒకదాని మీద రసూల్ అని ఉంది, ఇంకోదాని మీద జాన్ సాహెబ్ అని ఉంది. రెండింటి మీదా ఒకటే మందు. క్లోరోక్విన్, ముందు నాలుగు మాత్రలు, ఆరు గంటల తర్వాత రెండు, తర్వాత రెండు రోజులు రెండేసి. చలిజ్వరానికి పెద్దవాళ్ళకి ఇచ్చే లెక్క అది. ఒక ఇంట్లో ఇద్దరు మొగవాళ్ళకి జ్వరమనుకున్నాను. ఆ నెలలో అది వింత కాదు.

“ఒకసారి చూడన్నా” అంది ఆమె.

ఆ గొంతు ఎక్కడో విన్నట్టే అనిపించింది. లేచి నిలబడితే పోల్చుకునేవాణ్ణి. లేవలేదు. “చూశానమ్మా, చీటీలో ఉన్నదే” అన్నాను.

రెండు పొట్లాలు కట్టి ఆ సందులోంచి పెట్టాను. చెయ్యి వెంటనే తియ్యలేదు.

“పొడి చెయ్యవా అన్నా?”

మాత్ర మింగలేమని పొడి అడిగే పెద్దవాళ్ళు రోజుకి పదిమంది ఉంటారు. అయినా ఆ మాట నా చెవిలో ఒక క్షణం ఆగింది. అబద్ధం చెప్పను, ఆగింది. వెనక జనం తోసుకుంటున్నారు. గోడ మీద కాయితం కనబడుతోంది. “చీటీలో పొడి అని రాయలేదమ్మా” అన్నాను. ఆ అనడంలో నాకు కాస్త తృప్తి కూడా కలిగింది, కావాలంటే వెళ్ళి ఆ మామా అల్లుళ్ళనే అడగండి అన్నట్టు. ఆమె ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత గాజుల చప్పుడు దూరమైంది.

మర్నాడు పొద్దున్నే క్వారీ మేస్త్రీ పెదకోటయ్య జ్వరంతో వచ్చాడు. వరండాలో నరసమ్మతో చెబుతుంటే జాలీ ఇవతల కూర్చుని విన్నాను.

“మా రసూల్ కొడుకు పోయాడు నరసమ్మా, మూడేళ్ళ బిడ్డ. నిన్న మద్దేనం ఇంటికి తీసకపోయినంక ఫిట్స్ వచ్చినయ్యంట. రాళ్ళ లారీ ఆపి ఎక్కించుకుని నర్సరావుపేట బయల్దేరారు. దోవలోనే అయిపోయింది. జొరం మెదడుకెక్కిందంటన్నారు.”

“బిడ్డ పేరేంది?” అంది నరసమ్మ.

“జాన్ సాహెబ్. తాత పేరు. జానీ అనేటోళ్ళం.”

ఊచ దగ్గరికి వెళ్ళి నిన్నటి చీటీలు ఒక్కొక్కటీ తీశాను. అక్కడే ఉంది, ఊచ కన్నం ‘సాహెబ్’ మీదుగా పోయింది. డాక్టరుగారి చేతి రాత, ముత్యాల్లాంటి అక్షరాలు. ముందు తండ్రిని చూశారు, మందు రాశారు. తర్వాత బిడ్డని చూశారు, చెయ్యి తండ్రి చీటీ దగ్గరే ఉండిపోయింది. మూడేళ్ళ పిల్లాడికి నేను కల్వంలో నూరి ఇచ్చేది ఒక్క మాత్ర, అదీ కొలిచి కొలిచి. నాలుగు మాత్రలు పంచదారతోనో బెల్లంతోనో ఆ తల్లి ఒడిలో పడుకోబెట్టుకుని మింగించి ఉంటుంది. చేదుకి వాడు ఏడ్చి ఉంటాడు. నా పొట్లం మీద నమ్మకంతో ఆమె ఊరుకోబెట్టి ఉంటుంది.

ఆ చీటీ తీసుకెళ్ళి చిన్న డాక్టరుగారికి చూపించాను. ఆయన చదివారు. లేచి తలుపు వేశారు.

“వాళ్ళు ఏమనుకుంటున్నారు?”

“జ్వరం మెదడుకెక్కిందనుకుంటున్నారండి.”

“అయితే అలాగే ఉండనివ్వు. మామయ్యకి తెలిస్తే తట్టుకోలేరు. ఇందులో నీ తప్పేమీ లేదు శౌరీ. చీటీలో ఉన్న ప్రకారం ఇచ్చావు. నీ తప్పు లేదు.”

చీటీ మడిచి తన జేబులో పెట్టుకోబోతే నేను చెయ్యి చాపాను. ఎందుకో ఇచ్చేశారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఏ పద్ధతైతే పొరపాటు ఎవరిదో చెబుతుందని పెట్టారో అది చక్కగా చెప్పింది, వినడానికే ఆయనకి ధైర్యం లేదు. నాకూ లేదు. బయటికి వచ్చి మళ్ళీ జాలీ వెనక కూర్చున్నాను. నరసమ్మ నాతో మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, ఆ మర్నాడూ మాట్లాడలేదు. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది.

మూడో రోజున ఒక ఆడపిల్ల చీటీ వచ్చింది. లేచి నిలబడి చూశాను. ఐదేళ్ళుంటాయి, తల్లి కొంగు పట్టుకుని చీమిడి ముక్కుతో నిలబడి ఉంది. చీటీలో మళ్ళీ పెద్దవాళ్ళ లెక్కే. తల్లితో, “ఉండమ్మా, ఇప్పుడే ఇస్తా” అన్నాను. కల్వం తీసి, కొలిచి, నూరి, పొట్లాలు కట్టి, ఆ పిల్లని పంపించేశాను. తర్వాత బీరువా అడుగున ఉన్న బిస్కెట్ల డబ్బా తీశాను. జనమంతా వెళ్ళేదాకా ఆగి, మధ్య గదిలోకి వెళ్ళి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. పైన జాన్ సాహెబ్ చీటీ పెట్టాను.

పశ్చాత్తాపంతో చేశానా, కసితో చేశానా అని అడిగితే చెప్పలేను. రెండూ ఉన్నాయి.

“ఏమిటివి?” అన్నారు.

“మీ చీటీలండి. నేను దిద్దినవి. పైనున్నది దిద్దనిది. ఆ బిడ్డ పోయాడండి.”

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి చీటీ చదివారు. దాన్ని పక్కన పెట్టి, డబ్బాలోవి ఒక్కొక్కటిగా చదివారు. నూట పద్నాలుగు చీటీలు. ప్రతి చీటీ వెనక తారీఖు, నేను మార్చి ఇచ్చిన మందు, నా రాతలో ఉన్నాయి. గంటన్నర పట్టింది. చిన్న డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి, బల్ల మీద డబ్బా చూసి, అక్కడే ఆగిపోయారు. చివరి చీటీ పెట్టేసి డాక్టరుగారు తలెత్తారు. అప్పటి వరకూ ఆయన అరవై ఎనిమిదేళ్ళ మనిషని నాకెప్పుడూ అనిపించలేదు.

“ఆరేళ్ళ నుంచీనా?”

“అవునండి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“రోశయ్య చెప్పాడుగదండి” అన్నాను.

ఆయన బల్ల మీద చీటీలు తీసి అంచులు సమంగా సర్ది డబ్బాలో పెట్టారు. ఆరేళ్ళు నేను ఎదురుచూసిన మాట ఆయన నోట రాలేదు. వచ్చి ఉంటే నేను అక్కడే చచ్చిపోయి ఉండేవాణ్ణి.

“వాళ్ళ ఇల్లు నీకు తెలుసా?” అన్నారు.

“మామయ్యా, వద్దు” అన్నారు చిన్న డాక్టరుగారు. “వాళ్ళకేం తెలియదు. క్వారీలో జనం మంచివాళ్ళు కాదు, కోపమొస్తే ఏం చేస్తారో తెలియదు. ఆస్పత్రి పేరు పోతుంది.”

“పోవాలి” అన్నారు డాక్టరుగారు. కండువా భుజాన వేసుకుని నా కంటే ముందు మెట్లు దిగారు.

బస్సులో ఆయన్ని చూసి నలుగురు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోలేదు. కిటికీ బయటికి చూస్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

“రోశయ్య ఆ రోజు చెప్పింది తప్పయి ఉంటే వాణ్ణి ఉంచుకునేవాణ్ణి శౌరీ. నిజమైంది, అందుకే పంపేశాను.”

క్వారీ దగ్గర దిగి నడిచాం. నాపరాళ్ళు పేర్చి పైన తాటాకు కప్పిన గుడిసెలు, దారంతా తెల్లటి రాతిదుమ్ము వానకి బురదై ఉంది. రసూల్ గుడిసె ముందు నులకమంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, జ్వరం ఇంకా తగ్గలేదు. నిన్ననే బిడ్డకి మూడోరోజు ఫాతిహా ప్రార్థన అయింది. అతని భార్య ఖదీజా గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసింది. గొంతు ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు ఆ పిల్లాడికే దగ్గొస్తే సగం తలుపు మీద కూర్చోబెట్టింది. పొట్లాలు కడుతుంటే వాడు చెయ్యి చాచి పంచదార అడిగాడు, అరచేతిలో చిటికెడు వేశాను.

డాక్టరుగారిని చూసి రసూల్ లేవబోయాడు. ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టారు. పక్క గుడిసెల్లోంచి జనం వచ్చి నిలబడ్డారు. ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పారు.

“మీ అబ్బాయి జ్వరంతో పోలేదు. నీకు రాసిన మందు వాడి చీటీ మీద రాశాను. నా చెయ్యి తప్పింది. వాడు నా వల్ల పోయాడు. మీరు ఏం చేసినా నేను కాదనను. ఇక నేను ఎవరికీ చీటీ రాయను.”

రసూల్ ఆయనవంక కాదు, నేలవంక చూస్తున్నాడు. రాళ్ళు పగలగొట్టి గరుకెక్కిన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెదకోటయ్య కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు, అతనూ తిట్టలేదు. వాళ్ళు కొడతారేమోనని బస్సెక్కినప్పటి నుంచి భయపడుతున్నాను. కొడితే బాగుండుననిపించింది.

చివరికి ఖదీజా మాట్లాడింది. ఏడుపు లేదు, అరుపు లేదు.

“మీ చెయ్యి తప్పుద్దని మాకు తెలవదా సారూ. పెద్దోళ్ళయ్యారు, అమ్మగారు పోయినకాడ్నించీ మీకు మతిమరుపు. ఊళ్ళో అందరికీ తెలుసు. మా అత్త చెప్పింది నాకు, చీటీ పెద్దాయన రాత్తాడు, శౌరన్న చూసి ఇత్తాడు, బయపడబాకని. అందుకేగా అందరం మీ కాడికే వచ్చేది.”

డాక్టరుగారు నావైపు తిరిగారు. అందరూ నావైపే తిరిగారు. ఊరందరికీ తెలుసు. తెలుసన్న సంగతి తెలియనిది ఆయనకీ నాకూ మాత్రమే.

“ఆ పొద్దు కూడా చెప్పానన్నా” అంది ఖదీజా నాతో. “బిడ్డ నా సంకలోనే ఉన్నాడు. ఒకసారి చూడమని చెప్పానుగా.”

ఆమె నా జవాబు కోసం చూస్తోందని తెలుసు. అప్పుడు కూడా నేను తల ఎత్తలేదు.